టర్బో ట్రాక్టరు లాగకపోతే ముందు ఏమి చూడవలెను?

(దక్షిణ తెలంగాణ రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



సస్యశాస్త్రము బోధించేవారికి ఇంజనుతో ఏమి పని అని మీలో కొందరికి తోచవచ్చును. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి వేసేవారికి దీని జవాబు తెలుసు. కాలువ నీరు వంతుల ప్రకారము వచ్చును. నీరున్న రోజులలో కరిగెట పూర్తి కాకపోతే మడిలో నారు ముదురును. 25, 30 రోజుల నారు నాటవలసిన చోట 45 రోజుల నారు నాటితే పిలకలు తగ్గును. ఆ తరువాత ఎంత యూరియా చల్లినా పోయిన పిలక తిరిగి రాదు. పాలమూరు చల్కలలో సంగతి ఇంకా కఠినము. తొలకరి వాన పడిన తరువాత ఆ ఎర్రనేలలో విత్తుటకు తగిన పదును రెండు మూడు రోజులకు మించి నిలువదు. ఆ రెండు రోజులూ ట్రాక్టరు చెట్టుకింద నిలబడిపోతే, పంట తగ్గినందుకు విత్తనాన్ని అనవలసిన పని లేదు. పైరు గురించి మేము చెప్పే మాటలన్నీ అదను మీద ఆధారపడి ఉన్నవి. ఈనాడు ఆ అదను ట్రాక్టరు చేతిలో ఉన్నది.

ఆ ట్రాక్టరు కూడా మారినది. 50 హార్స్‌పవరుకు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ట్రెమ్-4 అనే పొగ నిబంధనలు అమలులోనికి వచ్చినవి. ఆ నిబంధనలకు సరిపడుటకు పెద్ద ట్రాక్టర్లలో టర్బో, కామన్ రైలు డీజిలు పద్ధతి, కంప్యూటరు డబ్బా, దానికి కబురు చేర్చే సెన్సార్లు వచ్చి చేరినవి. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి ఇప్పటికీ పాతరకపు పంపే ఉన్నది. కాబట్టి ఒకే ఊరిలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటిలో, రెండు తరాల ఇంజన్లు పక్కపక్కన నిలబడి ఉన్నవి. చిక్కు ఇక్కడే వచ్చుచున్నది. పాత ఇంజనుకు అలవాటైన చేయి కొత్త ఇంజను మీద కూడ అదే పని చేయబోవును.

"బండి గుంజుత లేదు" అని మెకానిక్కును పిలిచినప్పుడు సాధారణముగా జరిగేది రెండు విధాలు. పాత పంపు అయితే స్క్రూ తిప్పి డీజిలు పెంచుదురు. కొత్తది అయితే తెరమీద కనబడిన అంకెను చూసి ఆ పేరుగల సెన్సారును కొని మార్చుదురు. ఈ రెండూ తొందరపాటు పనులే. మొదటిది ఇంజనును చంపును, రెండవది జేబును.

ఇంజను పీల్చే గాలి

ముందుగా గాలి లెక్క చెప్పుదును. లీటరు డీజిలు పూర్తిగా కాలుటకు కనీసము 12 కిలోల గాలి కావలెను. కొలతలో అది సుమారు 10,000 లీటర్లు. డీజిలు ఇంజను ఎప్పుడూ దానికంటె ఎక్కువ గాలినే తీసుకొనును. అనగా గంటకు 5 లీటర్లు తాగే ట్రాక్టరు గంటకు 50,000 లీటర్లకు పైగా గాలి పీల్చుచున్నది. ఆ గాలిలో మన చల్క దుమ్ము ఎంత ఉండునో, ఎండిన దుక్కిలో రోటవేటరు వెనుక నిలబడి చూసినవారికి నేను చెప్పనక్కరలేదు. ఆ దుమ్ము మెత్తని మట్టి కాదు. అందులో ఇసుక ఉన్నది, అది ఇనుమును అరగదీయును.

టర్బో పని సులువుగా అర్థమగును. పొగగొట్టము గుండా వృథాగా పోయే వేడిగాలి ఒక చిన్న చక్రాన్ని తిప్పును. అదే ఇరుసు రెండవ కొనకు ఉన్న ఇంకొక చక్రము బయటి గాలిని ఒత్తి ఇంజనులోనికి నెట్టును. గాలి ఎక్కువ వచ్చినది గనుక డీజిలు కూడ ఎక్కువ కాల్చవచ్చును. చిన్న ఇంజను పెద్ద పని చేయును. ఈ ఉపాయానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంటు పొందినాడు. ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగును. దానిని కాపాడేది పలుచని నూనె పొర ఒక్కటే. పొద్దంతా కరిగెట చేసి ఒడ్డుకు వచ్చిన వెంటనే తాళము తిప్పి ఆర్పితే నూనె పంపు ఆగిపోవును, టర్బో మాత్రము వేడిమీద ఇంకా తిరుగుచుండును. అక్కడ మిగిలిన నూనె మాడి బొగ్గగును. ఆర్పుటకు ముందు రెండు మూడు నిమిషాలు తక్కువ వేగములో ఉంచండి. ఉదయము స్టార్టు చేసిన వెంటనే రేసు ఇయ్యకండి, నూనె పైదాకా చేరనీయండి.

ఇక బలము తగ్గినప్పుడు మొదటి సాక్ష్యము పొగ. బరువు పడగానే నల్లపొగ వచ్చుచున్నదంటే డీజిలు వచ్చుచున్నది, గాలి చాలుటలేదు. పొగ లేకుండా బలము తగ్గినదంటే డీజిలు చాలుటలేదు, లేదా కంప్యూటరే కావాలని డీజిలు తగ్గించినది. నీలిపొగ వచ్చుచున్నదంటే నూనె కాలుచున్నది. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ పోకుంటే డీజిలు సరిగా కాలుటలేదు, లేదా నీరు లోపలికి చేరుచున్నది. ఈ నాలుగు రకాలను గుర్తించుటకు ఏ యంత్రమూ అక్కరలేదు.

నల్లపొగ అయితే ఎయిర్ ఫిల్టరుతో మొదలుపెట్టండి. కొత్త ట్రాక్టర్లకు ఎండు ఫిల్టర్లు రెండు ఉన్నవి, బయటిది పెద్దది, లోపలిది చిన్నది. బయటిదానిని టైరుకు కొట్టి దులుపుట మనవారికి అలవాటు. కాగితము మడత చిట్లితే అది జల్లెడతో సమానము. ఇంజను బాగా లాగును, ఒక సంవత్సరములో పిస్టన్లు, రింగులు అరిగిపోవును. లోపలినుండి బయటికి, తక్కువ ఒత్తిడి గాలితో ఊదండి. టైరు పంక్చరు దుకాణములోని పూర్తి గాలి పట్టకూడదు. లోపలి చిన్న ఫిల్టరును ఊదుట, కడుగుట కూడదు, పాడైతే మార్చుటయే. దానిని తీసివేసి నడుపువారూ ఉన్నారు. పల్లికాయ కొట్టే మిషను పక్కన నిలబెట్టిన ట్రాక్టరుకు ఆ చిన్న ఫిల్టరు లేకపోవుట ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఫిల్టరు బాగుంటే గొట్టాలు చూడండి. టర్బోకు ముందు గొట్టము వేరు, తరువాతి గొట్టము వేరు. టర్బో తరువాతి గొట్టము చిట్లితే ఒత్తిన గాలి బయటికి పోవును. బరువు మీద ఉస్సుమని చప్పుడు, నల్లపొగ, బలహీనత. తక్కువ వేగములో నిలబెట్టి చూస్తే ఏమీ తెలియదు, అప్పుడు గొట్టములో ఒత్తిడే ఉండదు. కంటితో వెదకవలెను. ఆ గొట్టములో ఎప్పుడూ కొంచెము నూనెతడి ఉండును గనుక కారే చోట దుమ్ము అంటుకొని నల్లని మరక ఏర్పడును. క్లిప్పు కింద, గొట్టము అడుగు వైపు వేళ్ళు పెట్టి తడమండి. టర్బోకు ముందు గొట్టము చిట్లుట ఇంకా చెడ్డది. అక్కడ ఒత్తిడి లేదు, పీల్చుడు ఉన్నది. బలము తగ్గదు, దీపము వెలగదు, ఏ కోడూ రాదు. వడపోయని దుమ్ము నేరుగా టర్బో చక్రము మీద పడును. ఏ సెన్సారూ చెప్పని జబ్బు ఇది. వారానికి ఒకసారి చేయి పెట్టి చూచుట తప్ప దీనికి ఉపాయము లేదు.

యాసంగి కోతలప్పుడు హార్వెస్టరు యజమానులకు ఇంకొక మాట. ఒత్తిన గాలి వేడెక్కును, వేడెక్కిన గాలి పలుచనగును గనుక రేడియేటరు దగ్గర ఇంటర్‌కూలరు పెట్టి దానిని చల్లార్చుదురు. ఏప్రిలు నెల ఎండలో, వరి పొట్టు, నుసి ఆ జాలీలో మెత్తినప్పుడు గాలి చల్లబడదు. కంప్యూటరు ఇంజనును కాపాడుటకు డీజిలు తగ్గించును. ఉదయము బాగా కోసిన మిషను మధ్యాహ్నము మొరాయించి, సాయంత్రము మళ్ళీ బాగుపడినదంటే ముందు జాలీ ఊదండి, తరువాత మెకానిక్కును పిలవండి.

పాత పంపులోని సెన్సారు

సెన్సారు అనే మాట కొత్తది గాని ఆ పని కొత్తది కాదు. డీజిలు ఇంజనులో వేగాన్ని పెట్రోలు బండివలె గాలికి మూత వేసి పట్టుకొనరు, డీజిలు కొలతతో పట్టుకొందురు. పాత పంపులో మీ కాలికింది రేసు కడ్డీ డీజిలును సూటిగా పెంచదు, గవర్నరును అడుగును. గవర్నరులోని గుండ్లు ఇంజను వేగాన్ని గ్రహించి డీజిలును హెచ్చుతగ్గులు చేయును. టర్బో ఉన్న కొన్ని పంపులమీద ఇంకొక చిన్న డబ్బా ఉండును. గాలిగొట్టము నుండి సన్నని రబ్బరు గొట్టము దానికి వచ్చును. టర్బో ఒత్తిడి లేచినప్పుడే అది డీజిలును పెంచనిచ్చును. ఆ సన్నని గొట్టము చిట్లితే టర్బో ఎంత తిరిగినా పంపుకు తెలియదు. పొగ ఉండదు, బలము ఉండదు. గొట్టము ఖరీదు కొద్దిపాటిది. అది చూడక పంపు విప్పించి వేల రూపాయలు పోసినవారు ఉన్నారు.

కొత్త ఇంజనులో గవర్నరు గుండ్లు పోయి కంప్యూటరు వచ్చినది. రేసు పెడలు దగ్గర వైరు తీగ లేదు, సెన్సారు ఉన్నది. దానినుండి రెండు వేరువేరు సంకేతాలు పోవును. సాధారణముగా ఒకదాని వోల్టేజి ఇంకొకదానికి సగము ఉండును. ఒక సాక్షి అబద్ధమాడితే రెండవవాడు పట్టించునని ఈ ఏర్పాటు. రెండు మాటలు కలవనప్పుడు కంప్యూటరు దేనినీ నమ్మదు. ఇంజనును తక్కువ వేగములో, లేదా ఒకే నిలకడ వేగములో ఉంచివేయును. పెడలు తొక్కినా ఉలకదు. ఇది చెడిపోవుట కాదు, ట్రాక్టరు తనంతట తాను దూసుకుపోకుండా కట్టిన కట్టు. అప్పుడు పెడలు మార్చుటకు ముందు దాని ప్లగ్గు విప్పి చూడండి. కరిగెటలో బురదనీరు ప్లగ్గులోనికి చేరి పచ్చని చిలుము పట్టియుండవచ్చును. పిన్ను వెనక్కు జరిగియుండవచ్చును. తాళము తీసిన తరువాతనే ప్లగ్గు పీకవలెను. స్కానరు పెట్టి పెడలును మెల్లగా తొక్కితే అంకె 0 నుండి 100 దాకా ఎక్కడా ఎగరకుండా, దిగకుండా ఎక్కవలెను. ఒకేచోట ప్రతిసారీ ఎగిరితే అప్పుడు పెడలు సెన్సారును అనుమానించండి.

ఎలుకల మాట కూడ ఇక్కడే చెప్పుదును. వానాకాలము నాట్లు అయిపోయి ట్రాక్టరు రెండు నెలలు కొట్టములో నిలిచినప్పుడు, గడ్డివాము పక్కన నిలిపితే మరీ, ఎలుకలు బానెటు కింద గూడు పెట్టి వైర్లు కొరుకును. కొత్త ట్రాక్టరుకు అది పెద్ద శత్రువు. వారానికి ఒకసారి బానెటు ఎత్తి చూచుట, గడ్డికి దూరముగా నిలుపుట మంచిది.

కోడు అంకెలు ఎట్లా చదువవలెను

తెరమీద లేదా స్కానరులో కనబడే కోడు చాలా ట్రాక్టర్లలో, హార్వెస్టర్లలో రెండు భాగాలుగా ఉండును. మొదటిది ఎస్‌పీఎన్, రెండవది ఎఫ్ఎంఐ. మొదటి అంకె ఎవరి మాట అని చెప్పును. రెండవ అంకె ఏమి మాట అని చెప్పును. 91 అంటే రేసు పెడలు. 102 అంటే టర్బో ఒత్తిడి. 105 ఇంజనులోనికి పోయే గాలి వేడి, 110 రేడియేటరు నీటి వేడి, 157 రైలులోని డీజిలు ఒత్తిడి, 97 డీజిలులో నీరు. కొన్ని కంపెనీలు సొంత అంకెలు వాడుచున్నవి, వాటికి పుస్తకము చూడవలెను.

అసలు కీలకము రెండవ అంకెలో ఉన్నది. మన దుకాణాలలో దానిని చదివేవారు తక్కువ. 3 అంటే వోల్టేజి ఉండవలసినదానికంటె ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే కరెంటు తక్కువ, తీగ తెగినట్లు. ఇవి వైరు, ప్లగ్గు, సెన్సారు జబ్బులు. 0, 1, 16, 18 వంటివి వచ్చినవంటే వేరే కథ. సెన్సారు బాగానే ఉన్నది. అది చెప్పే కొలతయే ఎక్కువ లేదా తక్కువ. 102కు తోడు 4 వస్తే టర్బో ఒత్తిడి సెన్సారు వైరును చూడవలెను. అదే 102కు తోడు 18 వస్తే సెన్సారు నిజము చెప్పుచున్నది, గాలి ఒత్తిడి నిజముగానే తక్కువ. అప్పుడు సెన్సారు మార్చినవాడు, జ్వరము చూపినందుకు థర్మామీటరును పారవేసినవానితో సమానము.

సూర్యాపేట వైపు ఒక రైతు అనుభవము చెప్పుదును. కరిగెట మధ్యలో ట్రాక్టరు బలము తగ్గి పసుపు దీపము వెలిగినది. దుకాణములో 102 అని చూసి ఒత్తిడి సెన్సారు మార్చినారు. మరునాడు అదే కోడు. కొత్తది నకిలీ ఏమో అని ఇంకొకటి తెప్పించినారు. మూడవ వంతుకు టర్బో విప్పుదామన్నారు. ఆరు రోజులు గడిచినవి, వంతు నీరు దాటిపోయినది. చివరకు ఒక కుర్ర మెకానిక్కు గొట్టము అడుగున క్లిప్పు ఒరుసుకొని చీలిన చోటు చూపించినాడు. పొగ నల్లగా వచ్చుచున్నదని ఆ రైతు మొదటి రోజునుండి చెప్పుచునే ఉన్నాడు. తెరమీది అంకె ముందు ఆయన మాట ఎవరికీ పట్టలేదు.

సెన్సారును పైసా ఖర్చు లేకుండా పరీక్షించే మార్గాలు రెండు చెప్పుదును. తెల్లవారి, ఇంజను రాత్రంతా చల్లబడి ఉన్నప్పుడు, స్టార్టు చేయకుండా తాళము మాత్రము తిప్పి స్కానరులో నీటి వేడి, లోపలి గాలి వేడి, డీజిలు వేడి చూడండి. మూడూ ఇంచుమించు ఒకటిగా, ఆనాటి వాతావరణముతో సరిపోవలెను. రెండు 24 అని, ఒకటి 60 అని చెప్పితే ఆ ఒక్కటే అబద్ధము. రెండవది టర్బో ఒత్తిడి సెన్సారు. ఇంజను ఆగి ఉన్నప్పుడు అది బయటి గాలి ఒత్తిడినే చూపవలెను. సముద్రమట్టము దగ్గర అది సుమారు 100 కిలోపాస్కల్. 500 మీటర్ల ఎత్తున ఉన్న మహబూబ్‌నగర్‌లో 95 ప్రాంతము. దానికి బాగా అటుఇటు చూపితే సెన్సారు మీద అనుమానము న్యాయమే. కొన్ని ట్రాక్టర్ల తెరలు గాలి ఒత్తిడిని తీసివేసి చూపును, అప్పుడు అంకె 0 ఉండవలెను.

మూడు నాలుగు కోడులు ఒకేసారి వస్తే మూడు నాలుగు సెన్సార్లు ఒకేసారి చచ్చినవని నమ్మకండి. చాలా సెన్సార్లకు కంప్యూటరు నుండి 5 వోల్టుల కరెంటు ఒకే తీగ నుండి చీలి పోవును. ఒక్కచోట ఆ తీగ ఒరుసుకొని ఇనుమును తాకితే అన్నీ మూగబోవును. ఒక్కొక్క సెన్సారు ప్లగ్గు పీకుచు పోతే, దేనిని పీకినప్పుడు మిగతావి బ్రతుకునో అక్కడే తప్పు ఉన్నది. దానికి ముందు బ్యాటరీ చూడండి. ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, ఇంజను తిరుగుచున్నప్పుడు 13.8 నుండి 14.4 దాకా ఉండవలెను. బ్యాటరీ కొసలు వదులైనా, చాసిసుకు బిగించిన ఎర్తు తీగ తుప్పు పట్టినా కంప్యూటరు నానా కోడులు చూపును. పానాతో, ఉప్పుకాగితముతో పది నిమిషాల పని.

పొగ లేకుండా బలము తగ్గినప్పుడు డీజిలు వైపు చూడండి. ఫిల్టరు కింది గిన్నెలో నీరు ప్రతి ఉదయము వదలండి. డ్రమ్ములో నిలువ చేసిన డీజిలు అడుగుదాకా తోడకండి. ట్యాంకు మూతలోని గాలిరంధ్రము మట్టితో మూసుకుపోతే ఇంజను గంట నడిచి ఆగును, మూత తీయగానే నడుచును.

మార్చిన ఇంజను

ఇప్పుడు కొందరికి కష్టము కలిగే మాట చెప్పవలసి ఉన్నది. పత్తి, వడ్లు, ఇసుక లాగే ట్రాక్టర్లకు బలము పెంచుట కొన్ని చోట్ల మామూలైనది. పాత పంపుకు స్క్రూ తిప్పుదురు. టర్బోలో ఒత్తిడి మించినప్పుడు వేడిగాలిని పక్కకు వదిలే తలుపు ఉండును, దాని కడ్డీ బిగించి ఒత్తిడి పెంచుదురు. కొత్త ఇంజనుకు రైలు సెన్సారు మధ్య ఒక చిన్న పెట్టె తగిలించుదురు. ఆ పెట్టె చేసే పని ఏమనగా, రైలులో డీజిలు ఒత్తిడి ఉన్నదానికంటె తక్కువ అని కంప్యూటరుకు అబద్ధము చెప్పుట. కంప్యూటరు నమ్మి ఒత్తిడి పెంచును. ఇంకొందరు పొగను తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ దారికి రేకు అడ్డుపెట్టి మూయుదురు.

మొదటి వారము బండి గుర్రమువలె లాగును, అది నిజమే. అయితే కొలతకు మించిన డీజిలు కాలుటవలన పొగగాలి వేడి పెరుగును. ఆ వేడిని చూపే ముల్లు ట్రాక్టరు తెరమీద సాధారణముగా ఉండదు. ముందు టర్బో చక్రము, తరువాత పిస్టను తల దెబ్బతినును. క్లచ్చి, గేర్లు ఆ బలానికి చేసినవి కావు. వారంటీ పోవును.

ఈ ప్రసంగానికి సంబంధించిన సంగతి ఇంకొకటి. ఇట్లా మార్చిన ఇంజనులో కోడు వస్తే దానికి అర్థము చెప్పుట కష్టము. కడ్డీ బిగించినచోట ఒత్తిడి మించినదని 102 వచ్చును, కంప్యూటరు డీజిలు కోయును, బండి ఎగిరి ఎగిరి నడుచును. అది సెన్సారు జబ్బు కాదు. రేకు అడ్డుపెట్టినచోట గాలి లెక్క కుదరక ఇంకొక కోడు. పెట్టె ప్లగ్గులో నీరు చేరితే 157. కాబట్టి మార్చిన బండికి వైద్యము ఒకేవిధముగా మొదలగును: పెట్టె పీకి అసలు ప్లగ్గు కలపండి, కడ్డీని కంపెనీ కొలతకు తెండి, రేకు తీయండి, స్క్రూ సరిచేయించండి. అప్పుడు పాత కోడులను వ్రాసుకొని, తుడిచివేసి, బరువు మీద నడిపి ఏది తిరిగి వచ్చునో చూడండి. సగము కోడులు అక్కడే పోవును. మిగిలినదే అసలు జబ్బు. పాత బండి కొన్నవారు ముందు యజమాని ఏమి తగిలించినాడో కనుగొన్న తరువాతనే దుకాణానికి పోవలెను. టర్బో జీపులు, కార్లు వాడేవారికి కూడ ఈ మాట వర్తించును.

ప్రాణాల మాట

పాత ఇంజనులో ఏ సిలిండరు పనిచేయుటలేదో తెలిసికొనుటకు ఇంజను నడుచుచుండగా నాజిలు పైపు నట్టు వదులు చేసి చూచుట మన మెకానిక్కుల పద్ధతి. కామన్ రైలు ఇంజనుకు ఆ పని ఎన్నడూ చేయకూడదు. పైపులో డీజిలు ఒత్తిడి వెయ్యి బార్లు దాటి ఉండును. ట్రాక్టరు టైరులో ఉండేది ఒకటి రెండు బార్లు మాత్రమే. సన్నని ధార చేతి చర్మాన్ని చీల్చి డీజిలును లోపలికి ఎక్కించును. పైకి సూది గుచ్చినంత మచ్చ కనబడును, నొప్పి కూడ మొదట అంతగా ఉండదు. గంటలలో చేయి లోపల కుళ్ళును. అట్లా జరిగితే పసరు, కట్టు అనక వెంటనే శస్త్రచికిత్స ఉన్న పెద్ద ఆసుపత్రికి పోయి, డీజిలు ఒత్తిడితో లోపలికి పోయినదని డాక్టరుకు స్పష్టముగా చెప్పవలెను. డీజిలు కారుచున్నదేమో చూచుటకు వేలు పెట్టకండి. అట్టముక్క పట్టండి, అదీ దూరమునుండి.

రెండవ ప్రమాదము అరుదు గాని భయంకరము. టర్బో సీలు పోయి నూనె లోపలికి చేరితే ఇంజను తన నూనెనే తాగి పరుగెత్తును. తాళము తీసినా ఆగదు, చప్పుడు పెరుగుచునే ఉండును. మనుషులను, పిల్లలను ముందు దూరము పంపండి. దగ్గరకు పోవుటకు వీలున్నచోట గాలి పీల్చే నోటిని చెక్కపలకతో మూస్తే ఆగును. చేయి, గుడ్డ పెట్టకూడదు, అవి లోపలికి లాగబడును. నీలిపొగ, నూనె తరుగుట, టర్బో తరువాతి గొట్టములో నూనె నిలుచుట దీనికి ముందు కనబడే గుర్తులు. అవి ఉన్న బండిని ఈ పంట అయిపోనీ అని నడుపవద్దు.

ట్రాక్టరుకు గాని, దానికి తగిలించిన ట్రాలీకి గాని వెల్డింగు పెట్టించునప్పుడు బ్యాటరీ తీగలు, కంప్యూటరు ప్లగ్గులు ముందుగా విప్పించండి. ట్రాలీని ట్రాక్టరు నుండి విడదీస్తే ఇంకా మంచిది. నీళ్ళ ప్రెషరు గన్నుతో కడుగువారు ప్లగ్గుల మీద, కంప్యూటరు డబ్బా మీద ధార పట్టకూడదు.

మెకానిక్కుకు ఫోను చేయుటకు ముందు ఒక చీటీ మీద ఈ సంగతులు వ్రాసుకొనండి. బలము ఎప్పుడు తగ్గినది, చల్లని ఇంజనులోనా, వేడెక్కిన తరువాతనా. బరువు మీదనా, ఖాళీగానా. పొగ ఏ రంగు. చప్పుడు ఏమైనా వచ్చినదా. దీపము పసుపా, ఎరుపా. ఎరుపు అయితే నడుపక అక్కడే ఆర్పండి. కోడు రెండు అంకెలూ. అంతకు ముందు రెండు మూడు రోజులలో ఏమి పని చేయించినారు, ఏ ప్లగ్గు ఎవరు ముట్టినారు. కోడు తుడిచివేయుట అందరికంటె చివరి పని. తుడిచినవాడు అంకెలు వ్రాసుకొనకపోతే మెకానిక్కు వచ్చి మళ్ళీ మొదటినుండి వెదకవలసి వచ్చును, అంతలో ఇంకొక రోజు నీరు కాలువ దాటిపోవును.